ఉప్పునీళ్ళకు నేను చెప్పిన ఇంగ్లీషు

యుద్ధం రోజుల్లో దండు చెరువు దగ్గర పడవలు కడిగే ముసలాయన ఒకడుండేవాడనీ, దొర మీద కోపంతో పడవకు ఉప్పు పట్టించాడనీ మా పేటలో ఇప్పటికీ ఒకరిద్దరు చెప్పుకుంటారు. మొన్న ఒక పెళ్ళి బంతిలో నా పక్కన కూర్చున్న మనిషి కూడా అదే చెప్పాడు. "అది నిజం కాదు" అని నేను మొదలుపెట్టేలోపల పాయసం వచ్చింది. ఆయన ఆకు మీదికి వంగాడు. నా మాట అక్కడే ఆగిపోయింది.

నోటితో చెప్పి చెప్పి అలసిపోయాను. అందుకే రాస్తున్నాను. ఆ ముసలాయన పడవ మీద ఉప్పు వేయలేదు. ఆ మాట పుట్టింది నా నోట్లో.

మావాళ్ళు నాలుగు తరాలుగా బెంగళూరులోనే ఉన్నారు. పేటలో మా నాయనకు బట్టల కొట్టు ఉండేది. దొడ్డబళ్ళాపురం నుంచి చీరలు వచ్చేవి. నాకు కొట్టు మీద మనసు నిలవలేదు. మెట్రిక్ దాకా ఇంగ్లీషు చదివాను కాబట్టి, యుద్ధం మొదలయ్యాక దండులో, అంటే కంటోన్మెంటులో, పడవల క్లబ్బులో గుమాస్తా పని దొరికింది. అప్పటికి నాకు ముప్పై దాటింది. ఉత్తరాలు రాయడం, ఏ పడవను ఎవరు నీళ్ళలోకి తీసుకువెళ్ళారో పుస్తకంలో ఎక్కించడం నా పని. వీటికి తోడు దొరలు అన్నది పనివాళ్ళకూ, పనివాళ్ళు అన్నది దొరలకూ చెప్పాలి. అది నా ఉద్యోగపు కాగితంలో లేదు. అయినా రోజులో సగం దానికే పోయేది. సాయంత్రానికి రెండు భాషలూ నోట్లో పిండిలా తయారయ్యేవి.

క్లబ్బులో పడవలు ఏడెనిమిది ఉన్నా, అందరి కళ్ళూ ఒకదాని మీదే. నలుగురు కూర్చుని తెడ్లు వేసే సన్నటి పొడుగాటి పడవ అది. ముదురు ఎరుపు కొయ్య, దాని మీద అద్దంలాంటి వార్నీషు. యుద్ధానికి ముందు ఓడలో వచ్చింది. అది చెడితే ఇంకొకటి రాదు. ఆస్పత్రుల్లో కోలుకుంటున్న సోల్జర్లు దాన్ని తీసుకుని చెరువు మీద తిరిగేవాళ్ళు. చెరువు నీళ్ళలో నాచు ఎక్కువ. పడవ ఒడ్డు చేరగానే కడగకపోతే కింది ఒళ్ళంతా జిగురు పట్టేది.

ఆ కడిగే పని ముసలాయనది. అత్తిబెలె పక్క ఊరివాడు. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. పడవను బల్లల మీద బోర్లించి, నీళ్ళు పోసి, మెత్తటి మేకతోలుతో ముక్కు నుంచి వెనకదాకా ఒకే వరసన తుడిచేవాడు. తుడుస్తున్నంతసేపూ దానితో మాట్లాడేవాడు. "తిరుగమ్మా, ఈ పక్క చూపించు" అనేవాడు.

షెడ్డు ముందు ఒక కుళాయి ఉండేది, మా బెంగళూరు మాటలో నల్లి. ఆ ఎండాకాలం దండులో డేరాలు పెరిగి, నల్లి నీళ్ళు పొద్దున గంటసేపే రావడం మొదలైంది. తర్వాత షెడ్డు వైపు అసలే ఆగిపోయాయి. మిగిలింది షెడ్డు వెనక పాత బావి. ఆ బావి నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కాచిన గిన్నెలో అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అలాంటి నీళ్ళను మేం ఉప్పునీళ్ళంటాం. కన్నడంలోనూ అదే మాట. తాగడానికీ వంటకూ పనికొచ్చేవి మంచినీళ్ళు, తక్కినవన్నీ ఉప్పునీళ్ళు. నోట్లో పోసుకుంటే ఉప్పదనమేమీ ఉండదు. ఊళ్ళో ఎవరికీ దాన్ని గురించి అనుమానం రాదు, ఎవరూ అడగరు.

బావి నీళ్ళు వాడిన మొదటి రోజే ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఉప్పునీళ్ళప్పా ఇవి. ఎండకి ఆరితే తెల్లగా చుక్కలు పడ్తాయి. దొరకి చెప్పు, దినానికి ఒక పీపా మంచినీళ్ళు తెప్పించమని."

"చెప్తాలే తాతా" అన్నాను. మర్చిపోయాను. రెండు మూడు రోజులకు మళ్ళీ అడిగాడు. "చెప్పినా, చూస్తానన్యాడు" అన్నాను. చెప్పలేదు. దొర ముందుకు వెళ్ళి ఒక పీపా నీళ్ళ గురించి మాట్లాడే ఓపిక నాకు ఆ వారం లేదు. ఇంతకంటే పెద్ద కారణం ఏమైనా ఉందా అని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆయన తన చేతనైనంత చేశాడు. ప్రతి పడవనూ వెంటనే తుడిచాడు. కానీ మూడు పడవలు ఒకేసారి ఒడ్డుకు వస్తే ఒక మనిషి రెండు చేతులతో ఎన్నింటిని తుడుస్తాడు? ఒకదాని మీది నీళ్ళు ఆయన వచ్చేలోపల ఆరిపోయేవి. పది రోజులయ్యేసరికి ఆ ఎర్ర పడవ ఒంటి నిండా తెల్లటి గుండ్రటి మచ్చలు పడ్డాయి. సున్నంలో వేలు ముంచి చుక్కలు పెట్టినట్టు ఉండింది.

ఆదివారం పొద్దున సెక్రటరీ దొర ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని పడవను చూపించడానికి వచ్చాడు. చూసి ఆగిపోయాడు. వేలితో ఒక మచ్చను గీకి చూశాడు. పోలేదు.

"ఇవేమిటి? దీన్ని దేనితో కడిగాడో అడుగు" అన్నాడు నాతో ఇంగ్లీషులో.

నేను ముసలాయన వైపు తిరిగాను. "దేనితో కడిగినావు తాతా అని అడుగుతుండాడు."

"ఇంకేంటితో అప్పా, ఉప్పునీళ్ళే. నల్లి బందయి పది దినాలాయె. నీకు చెప్పింటి కదా."

ఆ చివరి మాటను నేను వదిలేశాను. మొదటిదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు అందించాను. "సాల్ట్ వాటర్ సార్."

దొర సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఉప్పు పడవను ఏం చేస్తుందో, రాగి మేకులనూ ఇత్తడి బిళ్ళలనూ ఎట్లా తినేస్తుందో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన ముఖం మారింది.

"ఈ ఊళ్ళో సముద్రం ఎక్కడుంది? ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది? తనే వేశాడా? అడుగు."

ఏదో తప్పు జరుగుతోందని నాకు అక్కడే అనిపించింది. అయినా ఆగలేదు. వెనక అతిథులు నిలబడి ఉన్నారు. ఒక నిమిషం ముందే దొర నన్ను వాళ్ళకు చూపించి, "మావాడి ఇంగ్లీషు బాగుంటుంది" అని చెప్పి ఉన్నాడు.

"ఉప్పునీళ్ళు నువ్వే పోసినావా అంటుండాడు తాతా."

ముసలాయన నవ్వాడు. "నేనే పోసినా. ఇంకెవరు పోస్తారు? దొర వచ్చి పోస్తాడా?"

"తనే పోశానంటున్నాడు సార్" అన్నాను.

నా మాటల కంటే ఆ నవ్వే ఎక్కువ చెడుపు చేసింది. దొర రెండు మాటలన్నాడు. రేపటి నుంచి ఈ మనిషి షెడ్డులో అడుగు పెట్టకూడదు. దాన్ని కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఎందుకంట?" అన్నాడు ముసలాయన.

"మచ్చలు పడినాయని."

"మచ్చలు పోతాయి కదప్పా. నాలుగు దినాల్లో తీసేస్తానని చెప్పు."

"ఇప్పుడు కోపంలో ఉండాడు తాతా. చల్లబడినాంక చెప్తా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. మేకతోలు పిండి, దులిపి, కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికి వస్తుంటే, ఎక్కడో పేట దగ్గరపడుతుండగా, ఒక మాట గుర్తొచ్చింది. బడిలో సైన్సు మాస్టారు నల్లబల్ల మీద రాసిన మాట. హార్డ్ వాటర్. సబ్బు నురగ రాని నీళ్ళు. ఉప్పునీళ్ళకు ఇంగ్లీషు అది. సాల్ట్ వాటర్ కాదు. సైకిలు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. వెనక్కి తిరిగితే దొర ఇంకా క్లబ్బులోనే ఉంటాడు. కానీ "నేను తప్పు చెప్పాను సార్" అని ఎత్తుకుంటే, నల్లి సంగతి వస్తుంది. పీపా సంగతి వస్తుంది. ఎవరు చెప్పలేదన్న సంగతి వస్తుంది. ఎండ మండుతోంది. రేపు చెబుదామనుకుని సైకిలెక్కాను.

మర్నాడు నేను గేటు చేరేసరికే కావలివాడికి అన్నీ తెలిసి ఉన్నాయి. ఇంగ్లీషు అర్థమయ్యే బేరర్లు క్లబ్బులో నలుగురున్నారు.

"ఏం గుమాస్తా సామీ, ముసలోడు పడవకి ఉప్పేసినాడంట కదా! ఇన్నేండ్లు క్లబ్బు ఉప్పు తిని, కడాకు ఆ ఉప్పు క్లబ్బు పడవకే ఏసినాడు చూడు."

అక్కడున్న ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారం తిరిగేసరికి ఆయనకు ఉప్పుతాత అన్న పేరు స్థిరపడిపోయింది.

పడవను బాగుచేసే పని దొర నాకు అప్పగించాడు. "మీ ఇళ్ళలో ఏవో చిట్కాలుంటాయి కదా. మచ్చలు పోవాలి, వార్నీషు పోకూడదు. ఆ వార్నీషు యుద్ధం అయ్యేదాకా దొరకదు" అన్నాడు. శనివారం దాకా గడువిచ్చాడు.

నాకు తెలిసిన చిట్కా ఒకటే. మా అమ్మ ఇత్తడి బిందెలను చింతపండుతో తోమితే బంగారంలా మెరిసేవి. ఇంట్లో జాడీ నుంచి పెద్ద ముద్ద తీసుకుపోయాను. నానబెట్టి, కొబ్బరిపీచుతో పడవకు ఒక పక్కన రుద్దాను. కొన్ని మచ్చలు పలచబడ్డాయి. కానీ రుద్దినచోటంతా పొగబారినట్టు గోధుమరంగు తిరిగింది, సన్నటి గీతలు కూడా పడ్డాయి. మర్నాటికి ముక్కు దగ్గరి ఇత్తడి పట్టీ మీద పచ్చటి చిలుము పుట్టింది.

ఇక వెళ్ళడానికి ఒకటే చోటు. మంగళవారం మధ్యాహ్నం ముసలాయన ఇంటికి వెళ్ళాను. చెరువు వెనక పెంకుటిళ్ళ వరసలో చివరిది. ఆయన భార్య గడపలో కూర్చుని రాగులు చెరుగుతోంది.

"దొర మళ్ళా పిలిచినాడా సామీ?" అంది, నన్ను చూడగానే లేచి.

"లేదమ్మా."

చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ముసలాయన అరుగు మీద చాప వేశాడు.

"కూర్చోప్పా. పడవెట్లుండాది?"

చేసింది చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"చింతపండా! కొత్తదా, పాతదా?"

"ఇంట్లోదే తాతా. జాడీలోది."

"అయ్యో సామీ! జాడీలోదంటే మీ అమ్మ ఉప్పేసి దంచి పెట్టింటాది కదా, పురుగు పట్టకుండా. ఉప్పూ పులుపూ రెండూ కలిపి రుద్దితే ఇత్తడి ఏమైతాది? చిలుము పట్టక ఇంకేం పడ్తాది?" అంటూ నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గేటుకాడ నన్ను ఉప్పేసినోడంటాండారంట. ఏసినోడు నువ్వప్పా! పడవకి నిజంగా ఉప్పు తగిలింది ఇప్పుడే!"

నాకు నవ్వు రాలేదు. దగ్గు తగ్గాక ఆయన కండువాతో నోరు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగాడు.

"ఆ దినం దొరతో ఏం చెప్పినావప్పా?"

"నువ్వు చెప్పిందే చెప్పినా తాతా."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నా జన్మలో నేనాడిన అబద్ధాలన్నింటిలోకీ పెద్దది ఇదే.

"అట్లనా" అన్నాడు. కొంచెంసేపు వీధి వైపు చూశాడు. తర్వాత పని చెప్పడం మొదలుపెట్టాడు.

"ముందుగా దాన్ని నీడకి చేర్చు. ఎండలో ముట్టుకోవద్దు, ఏసింది ఏసినట్టే ఆరిపోతాది, కొత్త మచ్చ పడ్తాది. నువ్వు పూసిన చింతపండంతా మంచినీళ్ళతో కడిగెయ్. పీచు పారెయ్. ఇటికపొడి, ఇసుక, ముగ్గు, ఏదీ దగ్గరికి రానీయకు. మెస్సులో వంటవాన్ని అడిగితే సిర్కా ఇస్తాడు. ఒక వంతు సిర్కాకి మూడు వంతులు వాననీళ్ళు కలుపు. బావి నీళ్ళు కలిపితే మాత్రం మళ్ళా మొదటికొస్తావు."

"ఊఁ."

"ముందు వెనక పక్క, అడుగున, ఎవరికీ కనపడని చోట ఒక వేలంత పూసి చూడు. వార్నీషు తెల్లబారకుంటేనే ముందుకి పో. పాత పంచె, ఉతికి ఉతికి మెత్తబడింది, దాన్ని తడిపి మచ్చ మీద పరుచు. ఒక బీడీ కాల్చేంతసేపు. అంతే. నువ్వు బీడీ కాల్చవు కదా, మనసులో కాల్చుకో. తర్వాత ఎత్తి, కొయ్య చార ఎటు పోతే అటే తుడు. రుద్దొద్దు. పోకుంటే మళ్ళా పరుచు. మచ్చకి తొందర లేదు, నీకూ ఉండకూడదు. కింద నుంచి పైకి పో. పైనుంచి వస్తే సిర్కా కిందికి కారి చారలు కడ్తాది. ఇత్తడికి తగలనీయొద్దు. చేయెడు చోటు అయినాంక మంచినీళ్ళతో కడిగి, అప్పుడే తుడిచెయ్. అంతా అయినాంక ఒక రాత్రి ఆరనిచ్చి తేనెమైనం పట్టించు."

నేను లేచాను. ఆయన ఇంకా చెప్పడం ఆపలేదు.

"అయినా ఉప్పే అయితే ఇంత తంటా ఏటికప్పా? ఉప్పు నీళ్ళలో కరిగిపోతాది. ఒక చెంబు పోస్తే సాలు. ఇది కరగదు, ఇది సున్నం మాదిరిది. దీనికి పులుపే కావాల."

"అవును తాతా" అన్నాను. అది పని గురించి చెప్పిన మాటే అనుకుని వచ్చేశాను.

మూడు రోజులు పట్టింది. ముందు రోజు వానకు షెడ్డు రేకుల కింద పెట్టిన పీపా నిండింది. వంటవాడు ఒక సీసా సిర్కా, దొరల మాటలో వెనిగర్, ఇచ్చాడు. మా నాయన పాత పంచె చింపి ముక్కలు చేసుకున్నాను. పడవ కింద మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ పరిచి, మనసులో బీడీ కాల్చుకుని, ఎత్తి తుడవడం. మళ్ళీ పరవడం. గంట గడిచేసరికి నడుము పట్టేసేది. సిర్కా ఘాటుకు కళ్ళమ్మట నీళ్ళు కారేవి. మొదటి రోజు మచ్చలు పోతున్నాయా లేదా అన్న ఒక్క ఆలోచనే ఉండింది. రెండో రోజు ఇంకోటి తోడైంది.

ఒక మచ్చ మీద ఉత్త వాననీళ్ళు పోసి తుడిచి చూశాను. పోలేదు. ఇంకోసారి పోశాను. కదలలేదు. ఉప్పైతే కరిగి ఉండేది. ఆయన అమాయకుడని చెప్పడానికి ఇంగ్లీషు కూడా అక్కరలేదు. దొరను ఆ పడవ పక్కకు పిలిచి, ఒక చెంబు నీళ్ళు పోసి చూపిస్తే చాలు. ముసలాయన నాకు ఇచ్చి పంపింది సిర్కా కొలత మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది. అయినా నేను గుడ్డ తడిపి ఆ మచ్చ మీద పరిచాను. అది కూడా పోయింది.

శనివారం దొర వచ్చి పడవ చుట్టూ తిరిగి చూశాడు. అద్దంలా ఉంది. ఇత్తడి దగ్గర కొంచెం మరక మిగిలింది కానీ ఆయన కంట పడలేదు. నా భుజం తట్టాడు.

"దేనితో తీశావు?"

"వెనిగర్ సార్."

"ఉప్పుకు వెనిగరా! నాకు తెలియదే" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆ పెన్సిలు కాగితం మీద నడుస్తున్నంతసేపు నాకు వ్యవధి ఉండింది. ఎన్నోసార్లు లెక్కవేసుకున్నాను, నాలుగు మాటలు అనడానికి అది చాలును. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "యెస్ సార్" అన్నాను.

ముసలాయనను మళ్ళీ పిలవలేదు. దండులో పడవలుండే ఇంకో చోటికి వెళితే, ఉప్పు సంగతి అక్కడికి ముందే చేరి ఉందట. నెల తిరక్కుండా భార్యనూ సామానునూ బండెక్కించుకుని అత్తిబెలె వైపు వెళ్ళిపోయాడని గేటు దగ్గర చెప్పుకున్నారు. కొత్తగా వచ్చిన మనిషి పడవతో మాట్లాడేవాడు కాదు. పీపా మంచినీళ్ళు మాత్రం రోజూ వచ్చేవి. వాటి సంగతి దొరకు నేనే చెప్పాను.

యుద్ధం ముగిసింది. దొరలు ఓడలెక్కారు. నేను ఆ పని వదిలి పేటలోనే ఒక బడి ఆఫీసులో చేరాను. ఇంట్లో ఎవరైనా చింతపండు పిసికితే లేచి వాకిట్లోకి వెళ్ళేవాడిని. మా ఆవిడకు కారణం చెప్పలేదు. నాకు పులుపు పడదని ఆమె నమ్మింది.

ఇంకో ఏడాదికి ఒక పని మీద హోసూరు వెళుతూ, అత్తిబెలెలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఆయనను చూశాను. సరిహద్దు గడి దగ్గర ఆగిన బస్సుల అద్దాలు తుడుస్తున్నాడు. బాగా వంగిపోయాడు. తుడవడం మాత్రం అదే, ఒకే వరసన, ఈ చివర నుంచి ఆ చివరికి. నేను దిగాను.

"తాతా, గుర్తుపట్టినావా?"

"పట్టకేమి, గుమాస్తా సామి. లావైనావు."

బస్సు నీడలో నిలబడి చెప్పాను. హార్డ్ వాటర్, సాల్ట్ వాటర్, నేను చెప్పని పీపా, నేను చెప్పిన "యెస్ సార్". ఆయన అద్దం తుడుస్తూనే విన్నాడు.

"తెలుసులేప్పా" అన్నాడు.

"ఏం తెలుసు తాతా?"

"సాల్టంటివి కదా. ఇరవై ఏండ్లు దొరల మధ్య తిరిగినోడికి సాల్టంటే తెలీదా? టేబుల్ ముందర కూర్చుంటే వాళ్ళు మొదటడిగేది అదే కదా."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నాకొచ్చింది ఆ ఒక్క మాట. సాల్టు కాదంటే, మరేంటంటాడు. దానికి ఇంగ్లీషు నీ దగ్గరుండె, నా దగ్గర లేదు. నువ్వే సరిజేస్తావనుకొంటి. ఇంటికొస్తివి కదా, అడిగితి కదా, ఏం చెప్పినావని. అప్పుడన్నా చెప్తావనుకొంటి."

"అన్నీ తెలిసి నాకు పనెందుకు నేర్పినావు తాతా?"

"పడవేం చేసిందప్పా?"

డ్రైవరు హారను కొట్టాడు. నేను కదల్లేదు. ఆయన భార్య ఎట్లా ఉందని అడిగాను.

"పోయె, రెండేండ్లాయె." గుడ్డను బకెట్లో ముంచి పిండాడు. "పోయేదాకా అడుగుతుండె, నిజం చెప్పు, ఏసినావా అని. లేదే అంటే, మరి అంతమంది ఏటికంటారు అనె. నా మాట నమ్మకుండానే పోయె. అది ఒకటే నాకు బాధ."

చేతులు జోడించాను. ఆయన ఆ చేతుల వైపు చూడలేదు.

"నన్నేం చేయమంటావు తాతా?"

"నాతో చెప్పితే నాకేమొచ్చెప్పా? నాకు తెలిసిందే. తెలీనోళ్ళకి చెప్పు." బకెట్ ఎత్తుకుని ఆ వెనక ఆగిన బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు.

హోసూరు పని మానుకుని ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చాను. సాయంత్రం కాకముందే చెరువు దగ్గర క్లబ్బు గేటు ముందు దిగాను. కావలివాడు మారలేదు, మీసం నెరిసిందంతే. ఇద్దరు ముగ్గురితో బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పడవలు కడిగే ముసలాయన ఉండె కదా, ఆయన గురించి ఒక మాట చెప్పల్ల" అన్నాను.

"ఎవురూ? ఓ, ఉప్పుతాతనా! పోయినాడా ఏంటి?"

"పోలేదు. ఆయన ఉప్పు వేయలేదు. నేను దొరకు తప్పు చెప్పినా. అవి ఉప్పునీళ్ళు."

"అదే కదా సామీ, ఉప్పేసిన నీళ్ళు."

"ఉప్పేసినవి కాదప్పా. బావివి. ఉప్పునీళ్ళు."

"అంటే బావిలో ఏసినాడంటావు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను వెక్కిరించడం లేదు. నిజంగానే అర్థం చేసుకోవాలని చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి తాను వాడుతున్న మాటే. అయినా ఆ ముసలాయన పేరు పక్కన పెట్టేసరికి అతనికీ అందులో ఉప్పే కనిపిస్తోంది. ఇంగ్లీషులో నేను చేసిన తప్పు ఈ ఆరేళ్ళలో మా భాషలోకి కూడా దిగిపోయింది.

"బిడు సామీ, వదిలెయ్, ఎప్పటిదో. ఇప్పుడేటికి బేజారు?" అన్నాడు.

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కాళ్ళు లాగుతున్నాయి. అతన్ని కొంచెం జరగమని బల్ల చివర కూర్చున్నాను.

"నల్లి బందయినప్పుడు మీ ఇంట్లో పప్పు దేంట్లో ఉడకబెట్టినారు?" అని అడిగాను.

"ఆ బావి నీళ్ళలోనే. ఎక్కడుడికింది!"

"ఉప్పు వేసినారా, వేయలేదా?"

"వేయకుండా ఎట్ల తింటాము సామీ? నీళ్ళలో ఉప్పు యాడుంటాది?" అని ఆగాడు. మీసం మీద చేయి పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఊఁ, ఇంగొకసారి చెప్పు" అన్నాడు.

మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.